పాత కంప్యూటర్లను పారేయమని చెప్పకండి

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కి కాలం చెల్లిందనీ, ఇంకా దాన్నే వాడుతున్నవారు కొత్త కంప్యూటర్ కొనుక్కోవడమే క్షేమమనీ మీ సాంకేతిక సలహాల శీర్షికలో రాశారు. ఆ మర్నాటి నుంచి మా దుకాణానికి ఆ పేపరు కత్తిరింపు చేత్తో పట్టుకుని వస్తున్నారు జనం. పింఛను మీద బతికే మాస్టార్లు, దస్తావేజు లేఖరులు, ఇంట్లో ట్యూషన్లు చెప్పుకునే అమ్మాయిలు. ఉన్నది అమ్మితే ఎవరైనా కొంటారా, కొత్తదానికి వాయిదాలు ఉంటాయా అని అడుగుతున్నారు. వాళ్లకు విడివిడిగా చెబుతున్న జవాబు మీ పాఠకులందరికీ చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైనా దయచేసి వేయండి.

నేను గుంటూరు బ్రాడీపేటలో డీటీపీ కేంద్రం నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, దస్తావేజులు, కవితా సంపుటాలు, సంస్మరణ సంచికలు, బడి పరీక్షల ప్రశ్నపత్రాలు మా దగ్గర తయారై ప్రెస్సుకు వెళతాయి. కంప్యూటర్ ఇంజనీరును కాను. 1990ల చివరి నుంచి ఈ యంత్రాల ముందు కూర్చుని అన్నం తింటున్నదాన్ని. ఏది ఎప్పుడు మొరాయిస్తుందో, మొరాయిస్తే ఎవరి పని ఆగిపోతుందో దగ్గరుండి చూస్తున్నదాన్ని. ఆ అనుభవంతోనే చెబుతున్నాను, మీ సలహా పాటిస్తే మీ పాఠకుల్లో చాలామందికి అక్కర్లేని ఖర్చు.

జరిగినదేమిటో ముందు సరిగ్గా చెప్పుకోవాలి. 2015 జూలై 29న వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. అంతమాత్రాన కంప్యూటర్ ఆగిపోదు. మీట నొక్కితే ఎప్పటిలాగే వెలుగుతుంది, టైపు చేస్తే ఎప్పటిలాగే అక్షరం పడుతుంది. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మాత్రం ఇక మరమ్మతు రాదు. ఇంటర్నెట్ తగిలించిన యంత్రానికి అది చిన్న విషయం కాదని ఒప్పుకుంటాను. అయితే అందులోనూ ఒక వెసులుబాటు ఉంది, మీ వ్యాసంలో దాని ఊసే లేదు. ఇళ్లలో వాడుకునేవారికి భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబరు 13 దాకా పొడిగించారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులను బ్యాకప్ చేసుకుంటే పైసా కట్టనవసరం లేదు, అలా ఇష్టం లేనివారు 30 డాలర్లు కట్టవచ్చు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకునే చోటు ఉంటుంది. ఈ ఒక్క ముక్క రాసి ఉంటే ఎంతోమందికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికేది.

ఇక విండోస్ 11 సంగతి. 2021 అక్టోబరులో వచ్చిన ఈ వ్యవస్థకు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ ఉండాలి. ఆ ఎనిమిదో తరం బజారులోకి వచ్చిందే 2017 ద్వితీయార్ధంలో. అంటే 2016లో అప్పు చేసి కొన్న మంచి కంప్యూటర్ కూడా ఈ అర్హత పరీక్షలో తప్పుతుంది. దానికి వేగం ఉంది, మెమరీ ఉంది, మనిషి చేయించుకునే పనులన్నీ చేస్తుంది. అయినా పనికిరాదట. మా అమ్మ కాలితో తొక్కే కుట్టుమిషను ఇప్పటికీ చక్కగా కుడుతుంది. దాని సూదులు ఏ కొట్లో అడిగినా దొరుకుతాయి, ఏ మెకానిక్ అయినా విప్పి బిగిస్తాడు. కంప్యూటర్ విషయంలో ఆ హక్కు మన చేతిలోంచి ఎప్పుడు జారిపోయిందో గమనించనే లేదు మనం.

మా ఊళ్లో కొందరు ఈ అర్హత పరీక్షను దాటవేసి పాత యంత్రాల మీద విండోస్ 11 ఎక్కించి ఇస్తున్నారు. అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని కంపెనీయే చెప్పింది. డబ్బు తీసుకున్నవారు ఈ మాట చెప్పడం లేదు. అంతకన్నా ప్రమాదం, లైసెన్సు లేని విండోస్ ఎక్కించి, బండారం బయటపడకుండా అప్‌డేట్లు రాకుండా కట్టేయడం. చిన్న ఊళ్లలో విడిభాగాలు బిగించి అమ్మే కంప్యూటర్లలో ఇది ఎంత మామూలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మరి ఏం చేయాలి అంటే, ఆ కంప్యూటర్‌తో మీకు పనేమిటో ముందు చూసుకోవాలి. మా దుకాణంలో మూడు రకాలూ ఉన్నాయి. ప్రెస్సుకు వెళ్లే రంగుల పని పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తాం, అది విండోస్‌కు బదులుగా ఉచితంగా వాడుకోగల లినక్సు అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడవదు, కాబట్టి ఒక యంత్రంలో లైసెన్సున్న విండోస్ 11 ఉంది. పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్‌లో చేసిన పుస్తకాలు తెరవడానికి పాత విండోస్ ఎక్స్‌పీ యంత్రం ఒకటి ఉంది, దానికి ఇంటర్నెట్ తీగ తగిలించం, బయటి పెన్‌డ్రైవ్ పెట్టనివ్వం. మిగిలిన టైపింగు, ఉత్తరాలు, ఈమెయిళ్లు, స్కానింగు, దరఖాస్తులు అన్నీ లినక్సులో ఒక రకమైన లినక్సు మింట్ మీద. నాకు ఏ కంపెనీ మీదా భక్తి లేదు, పగా లేదు. పని జరగాలి, పదేళ్ల తరువాత కూడా ఆ ఫైలు తెరుచుకోవాలి. నేను చూసేది అంతే.

మా పక్క వీధిలో దస్తావేజు లేఖరి ఒకాయన ఉన్నారు. ఆయనది ఇంటెల్ నాలుగో తరం యంత్రం, 4 జీబీ మెమరీ, తిరిగే రకం హార్డ్ డిస్కు. మీట నొక్కి బయటికి వెళ్లి టీ తాగి వస్తే గానీ తెర మీద గుర్తులన్నీ వచ్చేవి కావు. ఆయన చేసే పనల్లా పాత దస్తావేజు తెరిచి, పేర్లు, సర్వే నంబరు, నాలుగు వైపుల సరిహద్దులు మార్చి, ప్రింటు తీయడం. మధ్యలో భూముల వివరాల కోసం వెబ్‌సైట్లు చూసుకోవడం. దీనికి కొత్త కంప్యూటరా? ముందు లినక్సు మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి, కంప్యూటర్ దేని నుంచి లేవాలో అడిగే బూట్ మెనూలో దాన్ని ఎంచుకున్నాం. ఈ పద్ధతిలో హార్డ్ డిస్కును ముట్టుకోకుండానే మొత్తం వ్యవస్థ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. నచ్చకపోతే కంప్యూటర్ ఆపి పెన్‌డ్రైవ్ పీకేస్తే పాత విండోస్ పాతగానే ఉంటుంది. అలా ఉంచే వైఫై అందుతున్నదా, ప్రింటర్ కదులుతున్నదా, స్కానర్ పలుకుతున్నదా అని ఒక్కొక్కటే చూశాం. అన్నీ పనిచేశాయి.

ఆయన బెంగంతా కీబోర్డు గురించి. తెలుగు డీటీపీ నేర్చుకున్నవారి వేళ్లకు ఆపిల్ లేఅవుట్, అంటే ఏ మీటకు ఏ అక్షరమో చెప్పే ఒక అమరిక, అలవాటు. ఈ వయసులో కొత్త లేఅవుట్ నేర్చుకోమంటే తల ప్రాణం తోకకు వస్తుందని భయపడ్డారు. లినక్సులో ఐబస్ అనే టైపింగు ఏర్పాటు ఉంది. దానికి ఎం17ఎన్ అనే భాండాగారం జత చేస్తే ఇన్‌స్క్రిప్టు అనే మరో లేఅవుట్‌తో పాటు తెలుగు ఆపిల్ లేఅవుట్ కూడా అందులోనే దొరుకుతుంది, ప్రతి భాష అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య ఇచ్చే యూనికోడ్ ప్రమాణంలోనే అక్షరాలు పడతాయి. ఆయన వేళ్లు కొత్తగా నేర్చుకోవలసినది పెద్దగా లేకపోయింది. తిరిగే డిస్కు తీసి, తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు ఎస్‌ఎస్‌డీ చిన్నది ఒకటి వేయించుకున్నారు. కొత్త కంప్యూటర్ ధరతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. ఇప్పుడు టీకి వెళ్లే తీరిక లేకుండా యంత్రం లేచి కూర్చుంటున్నది.

అందరికీ ఇంత సాఫీగా జరుగుతుందని చెప్పను. వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకపు టోకెన్లు, కొన్ని రకాల లేబుల్ ప్రింటర్లు లినక్సులో ఇబ్బంది పెడతాయి. తయారుచేసినవారు వాటిని నడిపే ప్రోగ్రామును (డ్రైవర్‌ను) విండోస్‌కు మాత్రమే ఇచ్చి చేతులు దులుపుకుంటారు. టాలీ మీద లెక్కలు నడిపే దుకాణాలను, మాక్రోలతో నిండిన ఎక్సెల్ ఫైళ్ల మీద బతికే ఆడిటర్లను నేనే విండోస్‌లో ఉండిపొమ్మంటాను. 32 బిట్ల ప్రాసెసర్ ఉన్న మరీ పాత యంత్రాలకు లినక్సులోనూ దారులు మూసుకుపోతున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లినక్సును ఆ యంత్రాల మీద కొత్తగా ఎక్కించే వీలు తీసేశారు.

విశ్వసనీయత గురించి కూడా మీ వ్యాసం ఒక్క వాక్యంలో తేల్చేసింది, కొత్తది కాబట్టి నమ్మదగినదని. దీనితో నేను అసలు ఏకీభవించను. 2018 అక్టోబరులో విండోస్ 10కి వచ్చిన పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు, ఫోటోలు ఉన్న ఫోల్డర్లను తుడిచిపెట్టింది. మైక్రోసాఫ్ట్ కొద్దిరోజులకే దాన్ని ఆపి, సరిచేసి, నవంబరులో మళ్లీ ఇచ్చింది. ఈలోగా పోయినవారికి పోయాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు ఫైలుతో ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు, ఆ ఫోటో దేశమంతా చూసింది. ఆ సంస్థ 78 నిమిషాల్లోనే ఫైలును వెనక్కి తీసుకుంది. అయినా అప్పటికే పడిపోయిన యంత్రాలను చాలా చోట్ల మనుషులే వెళ్లి ఒక్కొక్కటిగా లేపవలసి వచ్చింది. ఆ యంత్రాలు డబ్బు కట్టి భద్రత కొనుక్కున్నవే, దాని అప్‌డేట్లు క్రమం తప్పకుండా అందుకుంటున్నవే.

దీనికి తిరుగు పక్షం కూడా చెప్పాలి, లేకపోతే నా మాట ఏకపక్షం అవుతుంది. 2017 మే 12న వానాక్రై వైరస్ విరుచుకుపడ్డప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన రంధ్రానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే మరమ్మతు ఇచ్చింది. వేసుకున్నవారు బతికిపోయారు, వేసుకోనివారు దెబ్బతిన్నారు. కాబట్టి అప్‌డేట్లు అక్కర్లేదని నేనెప్పుడూ అనను. లినక్సు కూడా అతీతమైనదేమీ కాదు. 2024 మార్చిలో లినక్సులో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉపకరణంలో ఎవరో దొంగ దారి పెట్టినట్టు బయటపడింది. నమ్మకం సంపాదించుకోవడానికి రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసిన మారుపేరు మనిషి పెట్టిన దారి అది. పట్టుకున్నది ఎవరు? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ ఎందుకు పడుతున్నదని అనుమానం వచ్చి తవ్వుకుంటూ వెళ్లాడు. ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగి! ఆ లోపం మామూలు వాడుకదారులు వాడే స్థిరమైన వెర్షన్లలోకి చేరకముందే ఆగిపోయింది. తవ్వి చూడటానికి ఆ సాఫ్ట్‌వేర్ రాసిన మూలం అందరికీ తెరిచి ఉంది కాబట్టే ఆయన చూడగలిగాడు. నాకు లినక్సు మీద ఉన్న గౌరవం అక్కడి నుంచి వచ్చింది. ఉచితంగా వస్తున్నదన్నది తరువాతి మాట.

మా ఊళ్లో మాత్రం కంప్యూటర్‌ను అన్నిటికన్నా ఎక్కువగా పడగొట్టేది కరెంటు. విండోస్ 98 రోజుల్లో కరెంటు పోయి వస్తే స్కాన్‌డిస్క్ నీలి తెర మీద గీత పాకుతూ ఉండేది, ఫైలు ఉందో పోయిందో తెలియక గుండె చేత్తో పట్టుకుని కూర్చునేవాళ్లం. ఇప్పటి వ్యవస్థలు ఆ దెబ్బను చాలావరకు తట్టుకుంటాయి. అయినా యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయినా మార్చకుండా, ఉన్న ఒకే ఒక కాపీని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరిగేవారికి ఏ ఆపరేటింగ్ సిస్టమూ భద్రత ఇవ్వలేదు. కొత్త కంప్యూటర్‌కు దాచిన డబ్బులో కొంత బ్యాటరీకి, బయటి హార్డ్ డిస్కుకు పెట్టమని మా దగ్గరికి వచ్చేవారందరికీ చెబుతున్నాను.

నేను ఇంత పట్టుబట్టి రాయడానికి అసలు కారణం మన తెలుగు అక్షరం.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఏమైందో గుర్తుందా? 'జ్ఞా' అనే అక్షరాన్ని కంటికి కనిపించని ఒక విడదీత గుర్తుతో కలిపి ఎవరైనా సందేశం పంపితే, దాన్ని చూపించలేక ఆ యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే మొరాయించేది. లోకమంతా తెలుగు బాంబు అని నవ్వుకుంది. నాకు నవ్వు రాలేదు. కోట్లమంది రోజూ రాసే లిపిలోని అక్షరం ఒకటి, ఎంతో ఖరీదైన ఫోన్లలో సరిగ్గా పరీక్షించకుండా బయటికి వచ్చేసింది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. ఇంగ్లిషు అక్షరానికి ఈ గతి పట్టి ఉంటే ఆ ఫోను ఫ్యాక్టరీ గేటు దాటేది కాదు.

మన ఇంటి పరిస్థితి ఇంకా దిగులు కలిగిస్తుంది. అను ఫాంట్లు, వాటితో పాటు వచ్చిన మరికొన్ని కంపెనీల ఫాంట్లు లేకపోతే తెలుగు డీటీపీయే పుట్టేది కాదు. ఆ అక్షరాల అందం, వైవిధ్యం మీద నాకు ఎనలేని అభిమానం. శుభలేఖ పనికి ఇప్పటికీ వాటినే తెరుస్తాం. అవి పుట్టిన కాలంలో మామూలు కంప్యూటర్లకు తెలుగు అంటే ఏమిటో తెలియదు. కాబట్టి ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గదుల్లోనే మన తలకట్టు ఒకచోట, వత్తు ఒకచోట, గుడి ఒకచోట కూర్చోబెట్టారు. తెర మీద కనిపించేది తెలుగు. ఫైలు లోపల ఉన్నది ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, కుండలీకరణాలు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఆ గజిబిజి అంతా బయటపడుతుంది.

ఈమధ్య ఒక కుటుంబంవారు చనిపోయిన తమ తండ్రిగారి కవితల సీడీ తెచ్చారు. శతజయంతికి మళ్లీ అచ్చు వేయించాలని వారి కోరిక. పేజ్‌మేకర్ ఫైళ్లవి. 2001లో వచ్చిన 7.0 తరువాత ఆ సాఫ్ట్‌వేర్‌కు పెద్ద కొత్త వెర్షన్ లేదు. మా ఎక్స్‌పీ యంత్రంలో తెరిచి, పాఠాన్ని బయటికి తీసి, యూనికోడ్‌లోకి మార్చే పరికరం గుండా పంపాం. మార్పిడి అయ్యాక 'స్త్రీ'లో ఉన్న రెండు వత్తుల్లో ఒకటి ఎగిరిపోయింది. కొన్నిచోట్ల గుడి పక్క అక్షరం మీదికి పోయింది. ఒక్కో పద్యాన్ని పాత అచ్చు ప్రతితో కలిపి ప్రూఫు చూసుకోవలసి వచ్చింది. వారింట్లో అచ్చు ప్రతి మిగిలి ఉంది కాబట్టి సరిపోయింది. అచ్చుకు నోచుకోని రాతలు ఇలాంటి సీడీల్లో ఎన్ని ఇళ్లలో పడి ఉన్నాయో తలుచుకుంటే నిద్ర పట్టదు. సీడీ గీతలు పడుతుంది, దాన్ని చదివే డ్రైవు కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండదు, ఫాంటు ఎక్కించిన యంత్రం పాత ఇనుముకు వెళ్లిపోతుంది. పాత కంప్యూటర్ పారేయండని మీరు రాసిన ఒక్క మాటతో దానిలో ఉన్న పాఠం కూడా తూకానికి వెళ్లిపోయే ఇళ్లు ఉన్నాయి.

యూనికోడ్‌లోకి వచ్చాక అదే పాఠానికి ప్రాణం వస్తుంది. పల్నాటి గ్రామాల చరిత్ర ఒకటి మేం అలా మార్చాం. 'కొండవీడు' అని టైపు చేసి వెతికితే ఆ పేరు వచ్చిన ప్రతి పేజీ క్షణంలో ముందుకు వచ్చింది, చివర పదసూచిక వేయగలిగాం. మా దగ్గరికి వచ్చే చూపులేని మాస్టారు ఒకాయన ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ పుస్తకాన్ని చెవులతో చదువుకున్నారు. మైకేల్ కరన్ మొదలుపెట్టగా జేమ్స్ టే చేయి కలిపిన సాఫ్ట్‌వేర్ అది, ఇద్దరూ చూపులేని ఆస్ట్రేలియా యువకులే. పాత ఫాంటులో ఉన్న ఫైలు ఇస్తే అదే సాఫ్ట్‌వేర్ ఆయనకు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు వినిపిస్తుంది. ఇంతకన్నా అన్యాయం ఏముంది?

యూనికోడ్ ఫాంట్లు లేవనే సాకు ఇప్పుడు చెల్లదు. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. తరువాత మండలి, గిడుగు, ధూర్జటి, సురవరం, తెనాలి రామకృష్ణ లాంటివి ఎన్నో వచ్చాయి, అన్నీ ఉచితమే. విండోస్ 10లో 2019 నుంచి ఇంగ్లిషు ఉచ్చారణతో తెలుగు టైపు చేసే కీబోర్డు ఉంది. హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' సంస్థ స్వచ్ఛంద కార్యకర్తలు ఎన్నో ఏళ్ల కిందటే తెలుగు మెనూలతో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసి చూపించారు. ఈ పేర్లలో ఒక్కటి కూడా మీ శీర్షికలో ఎప్పుడూ నా కంటపడలేదు.

ఇక ప్రభుత్వం. భారతీయ భాషలకు యూనికోడే ప్రమాణమని కేంద్రం 2009 నవంబరులో ప్రకటించింది. ప్రభుత్వ వ్యవస్థల్లో మూలం అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని 2015లో విధానం తెచ్చింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్లు డెబియన్ ఆధారంగా బాస్ లినక్సు తయారుచేసి 2007 నుంచి ఇస్తున్నారు. రక్షణ శాఖ 2023లో తన కంప్యూటర్లకు ఉబుంటు అనే లినక్సు ఆధారంగా చేసిన మాయా అనే వ్యవస్థను ఎంచుకుంది. ఇన్ని కాగితాలు ఉండగా కార్యాలయాల నుంచి మా దగ్గరికి వచ్చే తెలుగు ఫైళ్లు ఇప్పటికీ పాత ఫాంట్లలోనే ఉంటున్నాయి. ఆన్‌లైన్ సేవల్లో కొన్ని విండోస్ ఉంటే తప్ప ముందుకు కదలవు. ప్రజల పన్నుతో కట్టిన వెబ్‌సైట్ లోపలికి రావాలంటే ఫలానా కంపెనీ సరుకు కొనుక్కుని రమ్మనడం ఎలా న్యాయమవుతుంది?

మన దక్షిణాదిలోనే కేరళ ఉంది. ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటర్ చదువంతా లినక్సు మీద నడుపుతున్నారు, పదో తరగతి ఐటీ పరీక్ష కూడా పిల్లలు దాని మీదే రాస్తారు. మలయాళంలో టైపు చేయడం బడిలోనే అలవాటవుతుంది. ఒక ఏడు మొదలుపెట్టి మరుసటి ఏడు వదిలేయకుండా ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ, బాగుచేసే మనుషులను పెట్టుకుంటూ నిలబెట్టారు. జర్మనీలోని మ్యూనిక్ నగరం దాదాపు 15 వేల కంప్యూటర్లను లినక్సుకు మార్చి కూడా 2017లో మళ్లీ విండోస్ వైపు తిరిగింది, పాలకుల మనసు మారింది. ఎక్కించడం కన్నా నిలబెట్టడమే కష్టమన్నది దీని వల్ల తెలుస్తుంది, అది కష్టమనే నేనూ అంటాను. మన రెండు తెలుగు రాష్ట్రాల బడుల్లో ల్యాబుల పేరుతో తాళం వేసి ఉన్న గదుల్లో అట్టలు కప్పిన కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. విండోస్ 11 వాటి మీద ఎక్కదని చెప్పి రేపు వేలం వేస్తారు, పిల్లలు మళ్లీ ఖాళీ గదే చూస్తారు. ఆ వేలం నోటీసు రాకముందే జిల్లా విద్యాధికారులను ఎవరైనా అడగాలి కదా.

ఆ అడగవలసింది పత్రికేనని నా అభిప్రాయం. అందుకే మీకు కొన్ని పనులు చెబుతున్నాను, చనువుగా అనుకోకండి. విండోస్ 10 భద్రతా అప్‌డేట్ల పొడిగింపు ఎలా నమోదు చేసుకోవాలో బొమ్మలతో సహా వచ్చే వారమే వేయండి. పెన్‌డ్రైవ్ నుంచి లినక్సు ఎలా పరీక్షించి చూడాలో ఆదివారం సంచికలో ఒక పేజీ కేటాయించండి. తెలుగు కీబోర్డు ఎక్కడ ఆన్ చేసుకోవాలో కూడా అందులోనే చెప్పండి. బడుల్లో ఎన్ని కంప్యూటర్లు విండోస్ 11కు అర్హత లేనివో, వాటిని ఏం చేయబోతున్నారో మీ విలేకరుల చేత రెండు రాష్ట్రాల విద్యాశాఖలనూ అడిగించండి. పాత యంత్రం అమ్మేముందు అందులోని తెలుగు ఫైళ్లను, వాటి ఫాంట్లతో సహా, వేరేచోట దాచుకోమని ఒక పెట్టె కట్టి వేయండి.

ఆ పేజీ రాయడానికి సాయం కావాలంటే మా దుకాణంలో యంత్రాలున్నాయి, తెర ఫోటోలు తీసి ఇస్తాను. గుంటూరులో ఎవరైనా ఖాళీ పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే లినక్సు మింట్ ఎక్కించి ఉచితంగా ఇస్తాం. సీడీల్లో చిక్కుకుపోయిన తెలుగు రాతలు ఉన్నవారు కూడా రావచ్చు. తెరుచుకుంటాయో లేదో చూసి చెప్పడానికి రుసుము తీసుకోం.

భవదీయురాలు,
ఒక డీటీపీ కేంద్ర నిర్వాహకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.